క్యారియర్‌కి తాళం వేసిందెవరు?

ముందే క్షమాపణ అడిగేస్తున్నాను. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. మా ఆయన పోయాక, జుట్టంతా నెరిశాక, మనవరాలి వయసున్న పంతులమ్మ ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. అందుకని నా రాత నత్తకి తోబుట్టువు. పైగా నాకూ ఒత్తులకూ పడదు. తలకట్టు, గుడి, కొమ్ము అన్నీ బుద్ధిగా పెడతాను. అక్షరం కింద వేలాడే ఒత్తు మాత్రం నా పెన్నులోంచి దిగి రాదు. ఈ కథలో మీకు కనిపించే ఒత్తులన్నీ మా తోడికోడలు తర్వాత తీరిగ్గా కూర్చుని తగిలించినవి. ఎక్కడైనా ఒకటి జారిపోయి ఉంటే అదొక్కటే నా సొంతం.

ఇక కథ.

"వదినా! ఈ శతాబ్దంలో పుట్టిన అతి గొప్ప బుర్ర నీ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రానిస్తావా?"

"బుర్రని రమ్మను. చెప్పులు మాత్రం బయట విప్పమను" అన్నాను.

ఆ బుర్ర మా మరిదిది. మా ఆయన తమ్ముడు. ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్ట్ నడిపి నడిపి రిటైరయ్యాడు. లిఫ్ట్ చేతిలో లేకపోయేసరికి ఏం చేయాలో తోచక డిటెక్టివ్ అయ్యాడు. తనకి తనే 'డేగకన్ను' అని పేరు పెట్టుకున్నాడు. వీధిలో వాళ్ళు 'లిఫ్టు బాబాయి' అనే పిలుస్తారు. "ముప్పయ్యేళ్ళు మనుషుల ముఖాలు చదివాను వదినా, మనిషిని చూడగానే దొంగో దొరో చెప్పేస్తా" అంటాడు. లిఫ్ట్‌లో ఆయన తలుపు వైపు తిరిగి నిలబడేవాడు, ముఖాలన్నీ ఆయన వీపు వెనక ఉండేవి. ఆ సంగతి నేను గుర్తు చేయను.

ఇదివరకు ఆయన ఛేదించిన కేసు ఒక్కటే, మాయమైన దినపత్రిక కేసు. పొద్దుటి నుంచి వీధంతా గాలించి, పాలవాణ్ణి నిలదీసి, చివరికి మధ్యాహ్నం భోజనానికని కుర్చీలోంచి లేచాడు. పేపరు ఆ కుర్చీలోనే ఉంది.

"నీ ఫోను కేసు నేను చేపడుతున్నాను" అన్నాడు మరిది, లోపలికి వచ్చి.

"కేసేముంది మరిదీ? ఫోను పనిచేయట్లేదు, అంతే."

"అంతే అనిపించేదే అసలు నేరం!" అన్నాడు, జేబులు తడుముకుంటూ. "నా కళ్ళజోడు ఎవరో కొట్టేశారు. చూశావా, ముఠా అప్పుడే రంగంలోకి దిగింది."

"నెత్తి మీదుందండీ, డేగగారూ" అంది వెనకాలే వచ్చిన తోడికోడలు.

అది నవ్వుకునే రోజు కాదు నాకు. ఎందుకో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి.

మా అక్క నాకంటే పెద్దది, చదువుకున్నది, నాకున్న ఒకే ఒక్క తోబుట్టువు. ఉండేది దూరాన వేరే ఊళ్ళో. మేం రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. తర్వాత అక్కకి చెవులు మొరాయించాయి. మెషీను పెట్టినా ఈల తప్ప మాట వినపడదు. ఇక అక్కతో మాట్లాడాలంటే రాయాలి. నేను పలక పట్టింది అందుకే. నేర్చుకున్న మొదటి మాట 'అక్కా'. ఒత్తు దిగదని చెప్పాను కదా, 'అకా' అని రాసి పంపాను. అక్క ఏడ్చేసిందట. ఆ తర్వాత నేను 'అకా' అంటే అక్క 'చెల్లీ' అంటూ రోజూ సాయంత్రం కబుర్లు.

ఆ ఫోను నేను ఒక కంపెనీ దుకాణంలో కొన్నాను. రెండేళ్ళు వాళ్ళ సిమ్మే వాడతానని ఒప్పందం. వాడాను, ఒప్పందం తీరిపోయింది. ఈమధ్యే మరిది వాళ్ళింట్లో మెట్ల పక్క గదిలోకి మారాను. ఈ వీధిలో ఆ కంపెనీ సిగ్నల్ రాదు. అందుకని ఆ కనెక్షన్ వదిలేసి వేరే కంపెనీ సిమ్ తెచ్చుకున్నాను. వేస్తే ఫోను దాన్ని ఒప్పుకోలేదు.

పాత సిమ్ మూగబోయే ముందు అక్క దగ్గర్నుంచి వచ్చిన ఆఖరి మాట ఇది: 'ఈ ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. ఆశ్రమంలో చోటుందట. శుక్రవారం లోపు చెప్పమన్నారు. నీ గదిలో నాకు చోటుంటే చెప్పు చెల్లీ. మొహమాటపడకు. జవాబు రాకపోతే లేదనే అనుకుంటా.'

జవాబు నా నోట్లో ఉంది. పంపే దారి లేదు.

తోడికోడలు జాలిపడి తన ఫోన్లోంచి నా మాటగా రాసి పంపింది: 'అక్కా, నేను నీ చెల్లెల్ని. తప్పకుండా రా. నీకు చోటు ఉంది.' నిమిషంలో బదులొచ్చింది. 'ఎవరు నువ్వు? మా చెల్లెలు జన్మలో నన్ను అక్కా అని రాయలేదు, అకా అంటుంది. ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. నువ్వు మోసగాడివి. పోలీసులకి చెప్తాను.' అంతటితో ఆగక ఆ నంబరు నుంచి ఇంకేమీ రాకుండా బ్లాక్ చేసేసింది. తెలియని నంబర్లన్నీ మోసమని అక్కకి పోయిన నెల నా చేత పాఠం రాయించిన మహానుభావుడు మా మరిదే. మరిది ఫోన్లో రాద్దామంటే అది బటన్ల ఫోను, దానికి నా అంత చదువు కూడా లేదు. బస్సెక్కి వెళ్ళి చెప్పి వద్దామంటే ఒక రోజు ప్రయాణం, నా మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది.

మంగళవారం నేను ఒక్కదాన్నే కుంటుకుంటూ ఆ కంపెనీ దుకాణానికి వెళ్ళాను. కౌంటర్లో టై కట్టుకున్న ఒకాయన ఉన్నాడు. "బాబూ, ఈ ఫోను పనిచేయట్లేదు" అన్నాను. ఆయన ఫోను ముట్టుకోకుండానే "వేరే సిమ్ దీనికి పట్టదమ్మా, కొత్త ఫోను కొనుక్కోండి. ఆఫర్ ఉంది" అని, నా భుజం మీదుగా "నెక్స్ట్!" అని కేకేశాడు.

ఇప్పుడు గురువారం. రేపే శుక్రవారం.

"ఫోను ఏమంటోంది?" అన్నాడు మరిది, భూతద్దం తీసి. ఆ భూతద్దం తోడికోడలు బియ్యంలో రాళ్ళు ఏరుకోవడానికి వాడేది.

నేను కూడబలుక్కుని చదివాను. "ఈ... ఫో...న్... క్యా... రి... య... ర్... లాక్... అయింది. కో...డ్... ఇ...వ్వం...డి."

మరిది కళ్ళు మెరిశాయి. "క్యారియర్!"

"అంటే?"

"క్యారియర్ అంటే ఏమిటి వదినా? మధ్యాహ్నం భోజనం పెట్టుకుని వెళ్ళేది. నీ ఫోను తాళం ఏదో క్యారియర్లో దాచారు! దొంగ ఎంత తెలివైనవాడైనా ఒక్క తప్పు చేస్తాడు. వీడు ఏకంగా చిరునామా రాసిపెట్టాడు!"

"సైకిల్ వెనకాల ఉండేదాన్ని కూడా క్యారియరనే అంటారుగా" అంది తోడికోడలు, నవ్వు ఆపుకుంటూ.

పెద్ద డిటెక్టివ్ ఏ దారీ వదలడు. బయటికెళ్ళి తన సైకిలు క్యారియర్ కింద దూరి, గొలుసు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి వచ్చాడు. ముక్కు మీద నల్లటి మరక. "అది నిర్దోషి" అని ప్రకటించాడు.

"అన్నం క్యారియర్ మనింట్లో లేదుగా మరి" అన్నాను.

"మనింట్లో లేదు." గొంతు తగ్గించాడు. "పైన ఉంది."

పైవాటాలో అద్దెకుండే ఆయన ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున క్యారియర్ పట్టుకెళ్తాడు, సాయంత్రం తెచ్చుకుంటాడు. అంతకు మించి ఆయన గురించి మాకేమీ తెలియదు.

"ఏమీ తెలియని మనిషి! దాచడానికి ఏదో ఉన్నట్టేగా?" అన్నాడు మరిది.

"నేను ఆయన ఫోనే అడుగుదామనుకుంటున్నా. అక్కకి ఒక్క మాట రాసి..."

"నిందితుడి ఫోనా! వదినా, నీ జవాబు ముఠా చేతుల్లో పడుతుంది. నేనుండగా అది జరగనివ్వను!" అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ లోపల పైవాటా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది.

మరిది పిల్లిలా మెట్లెక్కాడు. మధ్యలో ఒక మెట్టు మీద ఉన్న పూలకుండీ దొర్లి కిందికొచ్చింది. ఆయన కూడా దాని వెనకాలే వచ్చాడు, కానీ చేతిలో క్యారియర్ ఉంది. పైవాటా తలుపు పక్కన గట్టు మీద కనపడిందట.

"ఇవాళ క్యారియర్ లేకుండా ఎందుకెళ్ళాడు? సాక్ష్యం ఇంట్లో వదిలి పారిపోయాడు!"

"మర్చిపోయి ఉంటాడండీ" అంది తోడికోడలు.

"చూడు, క్లిప్పు రావట్లేదు." మరిది రెండు కాళ్ళ మధ్య ఇరికించి గుంజాడు. తలుపు సందులో పెట్టి వంచాడు. స్క్రూడ్రైవరు దూర్చాడు. క్యారియర్ కదలలేదు. "ఫోను ఏమంది? క్యారియర్ లాక్ అంది. ఇది లాకై ఉంది. అక్షరం పొల్లు పోలేదు!" తర్వాత చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల ఏదో టకటకలాడింది. "వినపడిందా? నీ కోడు!"

"కోడంటే శబ్దం చేస్తుందా?" అన్నాను.

"రహస్యమైనదైతే చేస్తుంది."

నేను తల పట్టుకున్నాను. ఇంకో పక్క గడియారం నడుస్తోంది. నాకు కావలసింది మా అక్క, దొరికింది మా మరిది.

"ఇప్పుడేం చేద్దామంటావు?"

"తాళం వేసింది ఫోను అమ్మిన కంపెనీవాడైతే తీయాల్సింది కూడా కంపెనీవాడే. పద దుకాణానికి. నేరస్తుడి ముందు సాక్ష్యం పెట్టి, ఒక్క చూపు చూస్తా. కక్కేస్తాడు."

పిచ్చి మాటల మధ్యలో ఆ ఒక్క వాక్యం మాత్రం నాకు సబబుగానే అనిపించింది. పైగా నాతో దుకాణానికి రావడానికి ఈ లోకంలో ఖాళీగా ఉన్నది ఆయనొక్కడే. క్యారియర్‌ని గుడ్డ సంచీలో పెట్టుకున్నాడు. నేను ఫోనూ, కొత్త సిమ్మూ పట్టుకున్నాను. దారిలో ఎవరో వెంబడిస్తున్నారని నన్ను రెండు సందులు తిప్పాడు. వెంబడించింది మా వీధి కుక్క.

దుకాణంలో వరస పెద్దదిగానే ఉంది. కొత్త ఫోన్లన్నీ అద్దాల వెనక పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు మెరుస్తున్నాయి. మా వంతు వచ్చింది. అదే టై ఆయన. నేను ఫోను బల్ల మీద పెట్టాను. మరిది సంచీని కాళ్ళ దగ్గర పెట్టుకుని, బల్ల మీదికి వంగి, ఆ ఒక్క చూపు చూశాడు. మొన్న ఎండకి కన్ను ఎర్రబడి ఉందేమో, చూపు కాస్త భయంగానే వచ్చింది.

"క్యారియర్ లాక్ తీయండి" అన్నాడు.

టై ఆయన ముఖంలో రంగు మారింది. "ఏమన్నారు సార్?"

"విన్నారు. క్యారియర్ లాక్. తీయండి. లోపల ఏముందో నాకు తెలుసు."

"లోపల ఏముంటుంది సార్, వేరే సిమ్ పట్టకుండా మా కంపెనీ వేసిన కోడే కదా..."

"ఒప్పుకున్నాడు వదినా!" అని నా డొక్కలో పొడిచాడు. "ఎంత గుంజినా రావట్లేదు. స్క్రూడ్రైవరు కూడా పెట్టి చూశాను."

"స్క్రూడ్రైవరా! అయ్యో, అలా చేయకూడదు సార్!" టై ఆయన బల్ల మీది ఫోనుని చటుక్కున తన వైపు లాక్కున్నాడు, పసిపిల్లని లాక్కున్నట్టు. "ఒప్పందం తీరిపోయిందా మరి?"

"తీరిపోయింది బాబూ" అన్నాను నేను.

"అయినా... అది... మామూలుగా కొత్త ఫోనుకి ఆఫర్..."

"ఆఫర్లతో నా నోరు మూయించాలని చూడకు!" అన్నాడు మరిది. "తీస్తావా, పైకి వెళ్ళమంటావా?"

"పైకి అంటే... వినియోగదారుల ఫోరానికా సార్?"

"పైనున్నాయనతో ముఖాముఖి తేల్చుకుంటా. పైకి వెళ్ళడం నాకేం కొత్త కాదు. ముప్పయ్యేళ్ళు రోజూ వెళ్ళొచ్చినవాణ్ణి."

టై ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "తమరు... లాయరుగారా?"

"లాయరా! ఎంతమంది లాయర్లని పైకి తీసుకెళ్ళి దింపానో నాకే లెక్క లేదు. నేను చెయ్యి వేశానంటే ఎంత పెద్ద మేనేజరైనా కిందికి దిగాల్సిందే."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. లిఫ్ట్ అలాగే పనిచేస్తుంది.

టై ఆయన టై సర్దుకుంటూ లోపలి గదిలోకి పరిగెత్తాడు. అద్దం వెనక ఒక లావుపాటి మనిషి లేచి నిలబడి, మా మరిదిని చూసి, మళ్ళీ కూర్చుని, కంప్యూటరు మీద ఏదో టకటకా కొట్టాడు. కాసేపటికి టై ఆయన ఒక చీటీతో వచ్చాడు.

"ఇదిగోండి కోడ్. చార్జీ ఏమీ లేదు. ఒప్పందం తీరిపోయిన కస్టమరు అడిగితే లాక్ తీసివ్వాలన్నది రూలే సార్. మేమెప్పుడూ కాదనలేదు. దయచేసి పైకి మాత్రం వెళ్ళకండి."

నేను కొత్త సిమ్ వేసి, చీటీ చూసి అంకెలు నొక్కాను. అంకెలకి ఒత్తులుండవు, హాయిగా వచ్చేశాయి. మరిది మాత్రం ఇదేమీ చూడట్లేదు. "చీటీ ఎవడిక్కావాలి? క్యారియర్!" అంటూ సంచీ ఎత్తి బల్ల మీద దభీమని పెట్టాడు.

ఆ దెబ్బకి క్లిప్పు టప్పున ఊడింది. అదే క్షణాన నా చేతిలో ఫోను మోగింది. తెర మీద 'లాక్ తీయబడింది' అని వచ్చింది. క్యారియర్ మూత దొర్లుకుంటూ వెళ్ళి టై ఆయన ముందు ఆగింది. లోపల కడిగి పెట్టిన ఖాళీ గిన్నెలు. వాటిలో ఒక చెంచా.

మరిది ఆ చెంచాని రుమాలుతో పట్టుకుని పైకెత్తి, "కేసు ముగిసింది" అన్నాడు.

టై ఆయన చెంచా వైపూ, క్యారియర్ వైపూ, మరిది వైపూ మార్చి మార్చి చూశాడు. ఏం అర్థమయిందో ఆయనకే తెలియాలి. ఇచ్చిన కోడ్ మాత్రం వెనక్కి తీసుకోలేడు.

నాకు ఒక్క అనుమానం మిగిలింది. "బాబూ, మంగళవారం నేను వచ్చి అడిగానుగా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"మీరు అప్పుడు ఫోను పనిచేయట్లేదన్నారమ్మా. క్యారియర్ లాక్ తీయండి అనలేదు."

"అంటే ఆ మాట అంటేనే..."

"అడిగినవాళ్ళకి ఇస్తామమ్మా. ఎలా అడగాలో మేం చెప్పం కదా."

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను. హక్కుకి కూడా ఒక అక్షరమాల ఉంటుందని ఆ రోజే తెలిసింది. మా వెనక వరసలో ఒక ముసలాయన ఫోను పట్టుకుని బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు. "ఏమయిందన్నయ్యా?" అన్నాను. "వేరే సిమ్ పట్టట్లేదమ్మా, కొత్తది కొనాలంట" అన్నాడు.

నేను వరసంతటికీ వినపడేలా చెప్పాను. "కొనక్కర్లేదు. ఒప్పందం తీరిపోయిందని చెప్పి 'క్యారియర్ లాక్ తీయండి' అనండి. సరిగ్గా ఆ మాటే. అందులో ఉన్నది ఒక్కటే ఒత్తు, నోటితో అనేటప్పుడు అదీ అడ్డం రాదు, ఎవరికైనా వస్తుంది."

వరసలో ఒకరి తర్వాత ఒకరు ఆ మాట నోట్లో అనుకోవడం మొదలుపెట్టారు. టై ఆయన టై విప్పేశాడు. నేను పక్కనున్న బల్ల మీద కూర్చుని, వేలితో వెతుక్కుంటూ, రాశాను.

'అకా రా'

కొత్త నంబరు. అక్కకి తెలియని నంబరు. పంపాక ఫోను ఒళ్ళో పెట్టుకుని తెరే చూస్తున్నాను. మరిది క్యారియర్‌కి మూత పెట్టడంలో మునిగి ఉన్నాడు. ఈసారి అది ఓ పట్టాన మూసుకోవట్లేదు.

ఫోను మోగింది.

'చెల్లీ నువ్వేనా? నువ్వే. బట్టలు సర్దుతున్నా. ఆశ్రమంవాళ్ళకి వద్దని చెప్పేస్తా. ఇంకో సంగతి, ఒత్తులు నేర్చుకోకు.'

నేను కళ్ళు తుడుచుకుంటుంటే మరిది భుజం తట్టాడు. "ఏడవకు వదినా. ముఠా ఇక నీ జోలికి రాదు."

సాయంత్రం పైవాటా ఆయన క్యారియర్ కోసం మెట్ల మీద వెతుకుతున్నాడు. మరిది ఎదురెళ్ళి దాన్ని రెండు చేతులతో అందించాడు. ఆయన క్లిప్పు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "రాత్రి కడిగి మూసిపెడితే బిగుసుకుపోయింది. బాగు చేయించడానికి తీరిక లేక ఇవాళ వదిలేసి వెళ్ళాను. మీరు బాగు చేయించారా! మీలాంటి మంచివాళ్ళు ఇంకా ఉన్నారు సార్" అని చేతులు జోడించాడు.

"నిర్దోషి" అన్నాడు మరిది మాతో, ఆయన వెళ్ళాక. "మొదట్నుంచీ నాకు తెలుసు. ముఖం చూశాగా."

"ఇన్నాళ్ళూ మీరు చూసింది ఆయన వీపునేగా" అంది తోడికోడలు.

తర్వాతి ఆదివారం అక్క దిగింది, రెండు సంచులతో, ఒక కుర్చీతో. ఇప్పుడు ఒకే గదిలో ఉంటున్నాం. అయినా మాట్లాడాలంటే రాయాల్సిందే. పక్కపక్కనే కూర్చుని ఫోన్లు నొక్కుకుంటుంటే మరిది కిటికీలోంచి చూసి, ఏదో రహస్య మంతనాలు జరుగుతున్నాయని కొత్త కేసు తెరిచాడు.

ఇదంతా తోడికోడలు దిద్దింది. కింద నేను రాసుకున్నది మాత్రం ముట్టుకోవద్దన్నాను. అక్క నన్ను చిన్నమ్మి అంటుంది. అదే రాశాను.

చినమి
వయసు అరవై ఏడు
మెట పక గది. కిటికీ వైపు మంచం నాది, గోడ వైపు మంచం అకది.